పాత మారుతి 800 కొని, సొంతంగా బాగుచేసుకుంటూ నడపడం ఎలా?

కారు పని నేర్చుకోవాలనే సరదా ఉన్నవారు ఎవరు అడిగినా నేను చెప్పే బండి మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగేదాకా ముప్పయ్యేళ్లు సాగిన మోడల్ ఇది. 796 సీసీ ఇంజిన్, మూడే సిలిండర్లు, బరువు ఆరున్నర క్వింటాళ్లకు అటూఇటూ. బానెట్ ఎత్తితే ముఖ్యమైన భాగాలన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. ఆదోనికి వెళ్లినా ఆదిలాబాద్‌కు వెళ్లినా దీన్ని విప్పి బిగించిన మేస్త్రి ఒకరైనా దొరుకుతారు. సామాను ధరలు కూడా జేబుకు చిల్లు పెట్టవు.

ఈ సరదాలోకి దిగినవారిలో చాలామంది ఒకే చోట ఆగిపోతారు. బండి ఇంటికి రాగానే ఉత్సాహం పట్టలేక ఇంజిన్ దించేస్తారు, సీట్లు పీకేస్తారు, రంగు గీకేస్తారు. ఏడాది తిరిగేసరికి బండి ఇటుకల మీద ఉంటుంది. ఏ బోల్టు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. చివరికి తుక్కువాడు వచ్చి తూకం వేసుకుని పోతాడు. అలా పోయిన మంచి బండ్లు ఎన్నో. అందుకే ఇక్కడ చెప్పే ప్రతి పనికీ ఒకే షరతు ఉంది: బండిని నడుపుతూనే బాగుచేయండి. ఒకసారికి ఒక పనే పెట్టుకోండి. అది ముగిసి, బండి రోడ్డు మీద ఓ చుట్టు తిరిగి వచ్చాకే ఇంకో పనికి పానా పట్టండి.

ఏ ఏడాది బండి తీసుకోవాలి

1986లో ఈ కారు రూపం మారింది. అంతకు ముందున్న మొదటి రూపం అందంగా ఉంటుంది, కానీ దాని అద్దాలు, లైట్లు, రేకు భాగాలు దొరకడం కష్టం. మొదటి బండిగా దాని జోలికి వెళ్లకండి. తర్వాతి రూపంలో రెండు రకాలున్నాయి. 2000 సంవత్సరం వరకు ప్రధానంగా కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న బండ్లు, ఆ తర్వాత ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే ఏర్పాటు) బండ్లు. రోజూ ఆఫీసుకు నడుపుకుంటూ, ఆదివారాలు కాస్త పని నేర్చుకుందామనుకుంటే ఎంపీఎఫ్ఐ తీసుకోండి. గాలి, పెట్రోలు, నిప్పు కలిసి ఇంజిన్‌ను ఎలా తిప్పుతాయో చేతులతో తెలుసుకోవాలనుకుంటే 1990ల నాటి కార్బొరేటర్ బండే సరైనది. నా ఓటు దానికే. ఈ కింద చెప్పేది కూడా ఎక్కువగా దాని గురించే.

రంగు, స్టీరియో, సీటు కవర్లు, ఏసీ ఉందా లేదా అన్నవి చూసి ధర పెంచకండి. చూడాల్సింది తుప్పును.

కొనే ముందు చూడాల్సినవి

పొద్దున్నే వెళ్లండి. ముందు రోజే అమ్మేవారికి ఫోను చేసి, “అన్నా, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు” అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ బయటపెట్టే రోగాన్ని ఆయన దాస్తున్నట్టే అనుకోవచ్చు.

ఇంజిన్ కన్నా ముందు రేకు చూడండి. ఇంజిన్ పాడైతే వారంలో బాగుచేయించవచ్చు, నేల రేకు తినేసిన బండికి మాత్రం అంతులేని ఖర్చు. కార్పెట్ ఎత్తి, డ్రైవర్ కాళ్ల కింద, పక్క సీటు కింద గట్టిగా నొక్కండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంటలోకి టార్చి వేయండి. బ్యాటరీ కింది పళ్లెం, తలుపుల అడుగు అంచులు, తలుపు కింద పొడవునా సాగే పెట్టె లాంటి రేకు, ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు అంచు, అన్నిటికన్నా ముఖ్యంగా బానెట్ లోపల ముందు షాక్ అబ్జార్బర్ల పైభాగం బిగించిన చోటు చూడండి. అక్కడ తుప్పు పట్టి రేకు చీలి ఉంటే ఎంత చౌకగా ఇచ్చినా వద్దనండి. ఒక చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తీసుకెళ్లి తలుపుల అడుగున, చక్రాల పైన ఉన్న వంపుల మీద ఆనించండి. అది పట్టుకోకుండా జారిపోయిన చోట రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల సముద్రపు గాలిలో పెరిగిన బండిని మరింత నిశితంగా చూడాలి. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు పొడి వాతావరణంలో తిరిగిన బండికి రంగు వెలిసి, డాష్‌బోర్డు పగిలి ఉన్నా అడుగు గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. వెలిసిన రంగు బండిని నడవనీయకుండా చేయదు.

ఇప్పుడు ఇంజిన్. ఆయిల్ మూత తిప్పి లోపలివైపు చూడండి. పాలమీగడ లాంటి జిగురు కనిపిస్తే ఆయిల్లోకి నీళ్లు చేరుతున్నాయని అనుమానించాలి. రేడియేటర్ మూత తీసి చూడండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే. నీళ్లు తుప్పు రంగులో ఉంటే కూలెంట్ వాడకుండా నడిపారన్నమాట. తర్వాత చోక్ (చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు పాలు పెంచే మీట) లాగి స్టార్ట్ చేసి, ఒకరిని వెనక నిలబెట్టి పొగ చూడమనండి. మొదట ఒక్కసారి నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు అరిగాయి. అది భరించదగ్గదే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ బోరుకు, అంటే సిలిండర్లను మళ్లీ తొలిచే పనికి, వచ్చింది. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, ఇది చాలావరకు కార్బొరేటర్ దగ్గరే తేలిపోతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటర్లో బుడగలు లేస్తుంటే హెడ్ ప్యాకింగ్, అంటే ఇంజిన్ పైభాగమైన హెడ్డు కింద ఉండే పట్టీ, పోయింది.

నడిపి చూసేటప్పుడు ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. చక్రం దగ్గర టక్ టక్ మని వినిపిస్తే యాక్సిల్ చివరి జాయింటు అరిగింది. రెండో గేరులో వేగం పెంచి ఒక్కసారిగా కాలు తీయండి, గేరు బయటికి దూకకూడదు. బానెట్ లోపలి వెనక గోడ మీద కొట్టిన చాసిస్ నంబరును ఆర్సీలోని నంబరుతో ఒక్కో అంకె చొప్పున పోల్చండి. ఆ అంకెల చుట్టూ గీకిన, అతికిన గుర్తులు ఉంటే మాటలు పొడిగించకుండా వచ్చేయండి.

బేరం కుదిరాక కొన్న ధరలో సగమైనా మొదటి ఏడాది పనుల కోసం పక్కన పెట్టుకోండి. ఆ డబ్బు చేతిలో లేకపోతే ఇంకొంత కాలం ఆగి కొనడమే మంచిది.

కాగితాలు

మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని రవాణా శాఖకు చూపించి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఈ సరదాలో చాలామంది లెక్కలోకి తీసుకోని ఖర్చు ఇదే. కేంద్ర నిబంధనల ప్రకారం 15 ఏళ్లు దాటిన కారుకు ఈ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు దాన్ని 10,000 చేశారు. పాత బండ్ల మీద రాష్ట్రం వేసే గ్రీన్ ట్యాక్స్ వేరు. గడువు దాటి నెలలు గడిచిన బండికి ఆలస్యపు రుసుము కూడా పెరుగుతూ పోతుంది. కాబట్టి ధర మాట్లాడే ముందే ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ ఎప్పటివరకు ఉందో, పాత ఫైనాన్స్ ఇంకా నమోదై ఉందో లేదో చూడండి. ఎప్పుడో తీరిపోయిన అప్పు కూడా ఆర్సీలో అలాగే మిగిలి ఉంటుంది. దాన్ని తీయించడానికి ఫారం 35, అప్పిచ్చిన సంస్థ ఇచ్చే ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. ఆ సంస్థ మూతపడి ఉంటే కొత్త యజమానికి తిప్పలే.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 మీద అమ్మేవారి సంతకాలు డబ్బు ఇచ్చే రోజే తీసుకోండి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు కార్ల మీద ఆంక్షలు ఉండటంతో అక్కడి బండ్లు చౌకగా ఇక్కడికి వస్తుంటాయి. వాటికి అక్కడి ఎన్ఓసీ, ఇక్కడి పన్ను, కొత్త నంబరు ఖర్చు కలిపి చూస్తే చౌక కాస్తా కరిగిపోతుంది. బీమా లేకుండా, పొల్యూషన్ సర్టిఫికెట్ లేకుండా వీధి చివరికి కూడా బండి తీయకండి.

పనిముట్లు, చోటు

పెద్ద సెట్టు కొనక్కర్లేదు. ఈ బండి బోల్టులు ఎక్కువగా 10, 12, 14, 17 సైజుల్లో ఉంటాయి. ఆ సైజుల రింగు పానాలు, బాక్సు పానాలు మంచి కంపెనీవి కొనండి. ప్లగ్గు పానా, రెండు మూడు స్క్రూ డ్రైవర్లు, నోస్ ప్లయర్, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), మల్టీమీటర్, టార్క్ రెంచి (బిగువు కొలిచే పానా), హెడ్‌లైటులా నుదుటికి కట్టుకునే టార్చి చాలు. వీటన్నిటికన్నా ముందు రెండు ఇనుప స్టాండ్లు కొనండి. జాకీ బండిని ఎత్తడానికే. దాని మీద నిలబెట్టిన బండి కింద ఒక్క నిమిషం కూడా దూరవద్దు, చెయ్యి కూడా పెట్టవద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బరువుకు హఠాత్తుగా పగిలిపోతాయి, వాటినీ నమ్మకండి.

నేల గట్టిగా, సమంగా ఉండాలి. పెట్రోలు పని ఎప్పుడూ ఆరుబయట గాలి ఆడే చోటే చేయండి, దగ్గరలో వంటింటి మంట, పూజ దీపం, సిగరెట్టు ఉండకూడదు. బ్యాటరీ తీగల్లో ముందు నెగటివ్ తీయండి, బిగించేటప్పుడు అది చివర బిగించండి.

ఇంటికి రాగానే

పాత యజమాని “అంతా మొన్ననే మార్చాను” అంటారు. రసీదు చూపించకపోతే మార్చలేదనే అనుకుని మొదలుపెట్టండి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, గాలి ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్, ప్లగ్గులు మార్చండి. ఆయిల్ మూడు లీటర్లు తెచ్చుకుంటే చాలు. ఒక్కసారిగా పోసేయకుండా స్టిక్కు మీద రెండు గీతల మధ్యకు వచ్చేదాకా కొద్దికొద్దిగా పోయండి. టైమింగ్ బెల్టు (ఇంజిన్ తిరుగుడుకు సరిగ్గా వాల్వులు తెరుచుకునేలా చేసే పళ్ల బెల్టు) ఎప్పుడు మార్చారో తెలియకపోతే అదీ మార్చించండి. మొదటిసారి ఈ పనిని మేస్త్రి చేత చేయిస్తూ పక్కన నిలబడి చూడండి, గుర్తులు ఒక పన్ను తప్పినా ఇంజిన్ సరిగా నడవదు.

టైర్ల మీద గాట్లు బాగున్నాయని మురిసిపోకండి. టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగే పాత బండ్లలో టైరు అరగకముందే రబ్బరు ఎండిపోతుంది. ఆరేళ్లు దాటి, పక్కల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. తర్వాతి రూపపు బండ్లలో ఎక్కువగా 145/70 ఆర్12 సైజు ఉంటుంది.

మొదట బ్రేకులు

కదలని బండి ఎవరినీ గాయపరచదు, ఆగని బండి గాయపరుస్తుంది. అందుకే ఇంజిన్ ఎంత మిస్సింగ్ కొడుతున్నా ముందు బ్రేకుల పనే. వెనక డ్రమ్ములు విప్పి చూడండి. లోపల బ్రేకు షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు మూత అంచు మెల్లగా ఎత్తితే లోపల తడి కనిపించకూడదు. తడి ఉంటే సిలిండరే కొత్తది వేయండి, రబ్బర్లు మాత్రమే మార్చి సరిపెట్టకండి. లోపలి దుమ్మును నోటితో ఊదవద్దు, పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. మాస్కు పెట్టుకుని, బ్రేకు క్లీనర్‌తో తడిపి తుడవండి.

బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ ఘాట్ రోడ్డులో మరిగి, పెడలు దూదిలా దిగిపోతుంది. రెండేళ్లకోసారి మొత్తం మార్చాలి. దీనికి ఇంట్లో ఇంకొకరి సాయం కావాలి. పెడలు తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టండి. గాలి బయటికి వదిలే బ్లీడర్ నిపిలుకు పారదర్శకమైన సన్నగొట్టం తొడిగి, రెండో కొసను కొంచెం బ్రేకు ఆయిల్ పోసిన సీసాలో ముంచండి. లోపల కూర్చున్నవారికి మూడే మాటలు: “తొక్కు”, “పట్టుకో”, “వదులు”. తొక్కి పట్టుకున్నప్పుడు నిపిలు పావు చుట్టు వదులు చేస్తే గొట్టంలోంచి బుడగలు, నల్లటి ఆయిల్ వస్తాయి. నిపిలు బిగించాకే “వదులు” అనాలి. బుడగలు ఆగి, కొత్త ఆయిల్ రంగు కనిపించేదాకా చేసి, తర్వాతి చక్రానికి వెళ్లండి. మధ్యలో పైన డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా చూసుకోవాలి, అది ఖాళీ అయితే మళ్లీ మొదటికి రావాలి. ఒలికిన బ్రేకు ఆయిల్ రంగును తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడగండి.

మొదటి పరీక్ష ఖాళీ స్థలంలో, నడక వేగంతో చేయండి.

వేడి: ఈ బండ్లను ఎక్కువగా చంపేది ఇదే

మన ఎండలకు భయపడి చాలా షెడ్లలో థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్ల దారి తెరిచే చిన్న కవాటం) పీకి పారేస్తారు. “ఇది మన వేడికి అక్కర్లేదు సార్” అంటారు. ఎంతోమంది నమ్మిన ఈ మాట పూర్తిగా తప్పు. థర్మోస్టాట్ పని ఇంజిన్‌ను వేడి చేయడం కాదు, సరైన వేడికి త్వరగా తెచ్చి అక్కడ నిలపడం. అది లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగానే తిరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో తేమ చేరుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. థర్మోస్టాట్ మూసుకుపోయి తెరుచుకోకపోతే నిజంగానే ప్రమాదం. దానికి మందు కొత్తది వేయడమే, తీసేయడం కాదు.

పరీక్షించడం తేలిక. దాన్ని బయటికి తీసి దారం కట్టి, పాత గిన్నెలో నీళ్లు పోసి అడుగు తగలకుండా వేలాడదీయండి. పొయ్యి మీద పెట్టి, నీళ్లలో థర్మామీటర్ ఉంచండి. థర్మోస్టాట్ మీద అచ్చేసిన అంకె, అంటే 82 లాంటిది, దగ్గరకు రాగానే మధ్యలోని పళ్లెం మెల్లగా పైకి లేవడం కళ్లారా చూడవచ్చు. నీళ్లు మరిగినా కదలకపోతే అది పోయింది.

ఇంకో చెడ్డ అలవాటు, రేడియేటర్ ఫ్యాన్‌కు నేరుగా కరెంటు ఇచ్చేయడం. రేడియేటర్ దగ్గర ఉండే వేడి స్విచ్చి పాడైతే దాన్ని మార్చకుండా తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా తీగ కలిపేస్తారు. బ్యాటరీ మీద భారం, ఫ్యాన్ మోటారు అరుగుదల, దాని వెనక ఫ్యూజు లేని తీగ కాలిపోయే ముప్పు. కొత్త స్విచ్చి వేసి, తీగను ఫ్యూజు ద్వారా తీసుకురండి.

రేడియేటర్లో బోరు నీళ్లు పోయకండి. మన బోర్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. టీ కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి పెచ్చే రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరు, కూలెంటు సగం సగం కలిపి పోయండి. గొట్టాలు ఉబ్బినా, నొక్కితే పెళుసుగా ఉన్నా మార్చండి. మూత రబ్బరు ఎండిపోయి ఉంటే మూతే కొత్తది కొనండి. ఇంత చిన్న మూత సరిగా మూయకపోతే నీళ్లు పొంగి పోయి, అల్యూమినియం హెడ్డు వంకరపోయేదాకా వస్తుంది. నడుస్తుండగా వేడి ముల్లు పైకి పోతే బండి పక్కన ఆపి, ఇంజిన్ కట్టేయండి. మూత వేడిగా ఉండగా తెరవకండి, చల్లటి నీళ్లు కుమ్మరించకండి.

పెట్రోలు, కార్బొరేటర్

ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. 1990లలో తయారైన రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్ ప్యాకింగులు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఇథనాల్‌కు అవి మెత్తబడతాయి, ఉబ్బుతాయి, కొన్నాళ్లకు పగులుతాయి. వేడి ఇంజిన్ పక్కన పెట్రోలు కారడమంటే బండి తగలబడే దారి. కాబట్టి ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ మార్చండి. దుకాణంలో మీటరు చొప్పున అమ్మే మామూలు గొట్టం వద్దు. పక్కన ఎస్ఏఈ జె30 ఆర్9 అని అచ్చేసి ఉన్నది అడిగి తీసుకోండి, క్లిప్పులూ కొత్తవి వేయండి. తర్వాత మొదటి కొన్ని వారాలు ప్రతిసారీ బయలుదేరే ముందు బానెట్ తీసి ముక్కుతో పరీక్షించండి. పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేయవద్దు.

ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. కదలకుండా నిలిచిన బండి ట్యాంకులో అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది, ఆ తుప్పు పొడి వచ్చి కార్బొరేటర్ జెట్టుల్లో, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాల్లో, ఇరుక్కుంటుంది. బండిని వారానికోసారైనా పూర్తిగా వేడెక్కేదాకా నడపమనడానికి ఇదొక పెద్ద కారణం. నాలుగు వీధులు తిప్పి పెట్టేయడం సరిపోదు, ఓ ఇరవై కిలోమీటర్లు వెళ్లి రండి.

ఈ బండ్లకు వచ్చింది మికూని కార్బొరేటర్. దాన్ని విప్పే ముందు ప్రతి గొట్టానికీ రంగు టేపు చుట్టి, నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. వాక్యూమ్ గొట్టాలు అన్నీ ఒకేలా ఉంటాయి, జ్ఞాపకం మీద ఆధారపడితే తారుమారవుతాయి. తెల్లటి గుడ్డ పరిచిన పళ్లెంలో పని చేయండి, చిన్న స్టీలు గుండు కింద పడితే ఆ శబ్దం వినిపించదు, తెల్ల గుడ్డ మీద మాత్రం కనిపిస్తుంది. జెట్టుల్లో ఎప్పుడూ ఇనుప తీగ పెట్టి పొడవకండి, ఆ రంధ్రం కొలత వెంట్రుకంత మారినా పెట్రోలు లెక్క తప్పుతుంది. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, కళ్లద్దాలు పెట్టుకుని గాలితో ఊదండి. ప్యాకింగ్ కిట్ కొత్తది వేయండి, పాతవి గమ్ముతో అతకవద్దు.

ట్యూనింగ్ చివర్లో. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, చోక్ పూర్తిగా లోపలికి వెళ్లి ఉండాలి. ముందు ఐడిలింగ్ స్క్రూతో (బండి ఆగి ఉన్నప్పటి ఇంజిన్ వేగం మార్చేది) ఇంజిన్ నిలకడగా తిరిగేలా పెట్టండి. తర్వాత మిక్స్చర్ స్క్రూను (గాలి, పెట్రోలు పాళ్లు మార్చేది) పావు చుట్టు చొప్పున తిప్పుతూ చెవి పెట్టి వినండి. ఒక చోట వేగం పెరిగి శబ్దం నునుపవుతుంది, దాన్ని దాటితే మళ్లీ తడబడుతుంది. ఆ నునుపైన చోట ఆపి, పెరిగిన వేగాన్ని ఐడిలింగ్ స్క్రూతో తగ్గించండి. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు మిశ్రమం కాస్త పలచబడుతుంది కాబట్టి యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ ఒక క్షణం తటపటాయించవచ్చు. ప్లగ్గు తీసి చూడండి. లేత ఇటుక రంగులో ఉంటే సరి, సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ, మసిలా నల్లగా ఉంటే ఎక్కువ.

నిప్పు

మూడు సిలిండర్లు 1-3-2 వరుసలో మండుతాయి. ప్లగ్గు తీగలు ఒకటి తీసి ఒకటి పెట్టండి, మూడూ ఒకేసారి పీకితే గందరగోళమే. డెల్కోలో (ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో) పాయింట్లున్న పాత బండి అయితే పాయింట్ల ముఖాలు నల్లబడ్డాయేమో చూసి, ఫీలర్ గేజ్‌తో సందు సరిచేయండి. పాయింట్లు మాటిమాటికీ కాలిపోతుంటే కండెన్సర్ మార్చాలి. మల్టీమీటర్ బ్యాటరీకి పెడితే ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. లైట్లు మసకగా వెలుగుతూ, సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే బ్యాటరీ కొనే ముందు ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్తు తీగ విప్పి, రెండు కొసలూ గరుకు కాగితంతో రుద్ది బిగించండి. పాత బండ్లలో కరెంటు ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంటుంది.

సామాను, మేస్త్రి

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట, చెన్నై పుదుపేటలో ఈ బండి పాత భాగాలు దొరుకుతాయి. తలుపు, అద్దం, వైపర్ మోటారు, ఆల్టర్నేటర్, మీటరు బోర్డు లాంటివి పాతవి తీసుకోవచ్చు. బ్రేకు రబ్బర్లు, వీల్ సిలిండర్లు, బెల్టులు, గొట్టాలు, స్టీరింగ్ జాయింట్లు మాత్రం కొత్తవే, అవీ బిల్లు ఇచ్చే దుకాణంలోనే. విప్పిన పాత భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్లండి. “800ది ఇవ్వండి” అంటే సరిపోదు, ఏడాదిని బట్టి పక్కపక్క సైజులు మారుతుంటాయి.

సొంతంగా చేయడమంటే మేస్త్రిని వదిలేయడం కాదు. హెడ్డు లేత్ షాపులో సమం చేయించడం, బోరు, గేరు డబ్బా, టింకరింగ్ అనుభవజ్ఞుల పనులు. కార్బొరేటర్ల కాలంలో పని నేర్చిన పెద్ద మేస్త్రిని వెతికి పట్టుకోండి. ఇప్పటి యువకుల్లో చాలామందికి స్కానర్ తెలుసు, డెల్కో తెలియదు. “మేస్త్రి గారూ, పని మీరే చేయండి, నేను పక్కన ఉండి చూస్తాను, మధ్యలో ప్రశ్నలు వేయను” అంటే ఆయనకు అభ్యంతరం ఉండదు. పని ముగిశాక టీ తాగుతూ అడగండి, విడమరచి చెబుతారు. ఆయన అడిగిన కూలి దగ్గర గీచి గీచి బేరమాడకండి, ఆ చేతిపని తెలిసినవారు తగ్గిపోతున్నారు.

ఒక నోటు పుస్తకం బండిలోనే పెట్టుకోండి. తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, వేసిన భాగం కంపెనీ, ఖర్చు రాయండి. పోసిన పెట్రోలు కూడా రాస్తే మైలేజీ పడిపోయిన వారమే తెలిసిపోతుంది, రోగం ముదరకముందే పట్టుకోవచ్చు.

రోడ్డు మీద

ఈ కారులో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, రేకు పలచన. సీటు బెల్టు రీలు సరిగా లాక్ అవుతోందో లేదో గట్టిగా గుంజి చూడండి, లాక్ కాకపోతే మార్చండి. హైవే మీద ఎడమ వరుసలో, 70 దాటకుండా, ముందు బండికి బాగా దూరంగా వెళ్లండి. చిన్నపిల్లలను ఎక్కించుకుని రాత్రిపూట లారీల మధ్య దూరప్రయాణాలకు దీన్ని వాడకండి.

మొదట ఊళ్లోనే తిరగండి. తర్వాత యాభై కిలోమీటర్ల దూరం వెళ్లి, ఇంజిన్ చల్లారాక నూనె, నీళ్లు చూసుకుని తిరిగి రండి. ఎక్కడా కారకుండా, వేడెక్కకుండా వచ్చిందంటే ఇంకా దూరం పోవచ్చు. డిక్కీలో పానాలు, టార్చి, గాలి నింపిన స్టెప్నీ, రెండు లీటర్ల కూలెంటు కలిపిన నీళ్లు, అర లీటరు ఇంజిన్ ఆయిల్, ఫ్యూజులు, ఒక ప్లగ్గు, క్లచ్ కేబులు, ఫ్యాన్ బెల్టు ఉంచండి. ఒక కిలో మంట ఆర్పే డబ్బాను మాత్రం డిక్కీలో కాకుండా ముందు సీటు కింద బిగించండి.

ఫ్యాన్ బెల్టు గురించి ఒక మాట. పేరు అదైనా ఈ బండిలో అది తిప్పేది ఫ్యాన్‌ను కాదు, ఆల్టర్నేటర్‌నూ నీళ్ల పంపునూ. నడుస్తుండగా చార్జింగ్ ఎర్ర లైటు వెలిగితే బ్యాటరీ సంగతే కదా, ఇంటిదాకా పోవచ్చు అనుకోవద్దు. బెల్టు తెగి ఉంటే నీళ్లు తిరగడం కూడా ఆగిపోయినట్టే, కొన్ని నిమిషాల్లో హెడ్డు పోతుంది. వెంటనే ఆపండి. మార్చడానికి ఆల్టర్నేటర్ బోల్టులు వదులు చేసి, దాన్ని ఇంజిన్ వైపు నెట్టి, కొత్త బెల్టు ఎక్కించి, బయటికి లాగి బిగించాలి. బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు లోపు దిగితే బిగువు సరిపోయినట్టే. ఈ పనిని ఇంటి దగ్గర, పగటి వెలుగులో ఒకసారి చేసి చూసుకున్నాకే ఊరు దాటండి.